గాలిలో కలిసిన ‘వుదరింగ్ హైట్స్’

బుల్లితెర తొలి అడుగులు – 6వ భాగం

1953 డిసెంబరు 6, ఆదివారం రాత్రి బీబీసీ టెలివిజన్ ఎమిలీ బ్రాంటీ నవల ‘వుదరింగ్ హైట్స్’ను నాటకంగా ప్రసారం చేసింది. నవలను నాటకంగా మలిచినవాడు నైజెల్ నీల్. నిర్మించి, దర్శకత్వం వహించినవాడు రుడాల్ఫ్ కార్టియర్. హీత్‌క్లిఫ్‌గా రిచర్డ్ టాడ్, కాథరిన్‌గా ఇవోన్ మిచెల్ నటించారు. స్టూడియోలో నటులు ఏ క్షణాన ఏ మాట పలికారో, అదే క్షణాన ఇళ్లలో కూర్చున్నవారు ఆ మాట విన్నారు. చివరి దృశ్యం అయిపోయింది, తెర చీకటైంది. నాటకం అక్కడితో సరి. దాని బొమ్మ గానీ శబ్దం గానీ ఎక్కిన రీలు ఒక్కటీ ఇప్పటిదాకా బయటపడలేదు.

టెలివిజన్ చరిత్రకారులు ‘పోయిన కార్యక్రమాలు’ అన్న మాటను రెండు రకాల నష్టాలకు వాడతారు. రికార్డు చేసి కొంతకాలం దాచి, తరవాత చెరిపేసినవీ పారేసినవీ మొదటి రకం. అసలు రికార్డే చేయనివి రెండో రకం. మొదటి రకం ఏ గోదాములోనో, ఏ విదేశీ కేంద్రంలోనో నకలు రూపంలో దొరకవచ్చు. రెండో రకానికి ఆ ఆశ లేదు. 1953 నాటి ‘వుదరింగ్ హైట్స్’ను రికార్డు చేసినట్టు ఆధారాలేవీ లేవు కాబట్టి అది రెండో రకం కిందికే వస్తుంది. అది ఎలా తయారైందో, ఎందుకు మిగలలేదో చూస్తే తొలినాళ్ల టెలివిజన్ తన పనిని ఏమని భావించుకుందో అర్థమవుతుంది.

నవల, దాని తొలి రూపాలు

‘వుదరింగ్ హైట్స్’ 1847 డిసెంబరులో లండన్‌లో అచ్చయింది. ప్రచురించినవాడు థామస్ న్యూబీ. రచయిత పేరు ఎల్లిస్ బెల్ అని ఉంది. అది ఎమిలీ బ్రాంటీ కలంపేరు. యార్క్‌షైర్‌లోని హావర్త్ గ్రామంలో, చర్చి మతాధికారి అయిన తండ్రి ఇంట్లో ఆమె ఆ నవల రాసింది. అచ్చయిన ఏడాదికే, 1848 డిసెంబరు 19న, 30 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె రాసిన నవల అదొక్కటే. అక్క షార్లెట్ 1850లో కొత్త ముద్రణ తెస్తూ అసలు రచయిత ఎవరో లోకానికి చెప్పింది.

కథంతా రెండు ఇళ్ల చుట్టూ తిరుగుతుంది. గుట్ట మీద గాలివానలకు ఎదురొడ్డి నిలిచిన వుదరింగ్ హైట్స్ ఒకటి. లోయలో తోటల మధ్య హాయిగా ఉన్న త్రష్‌క్రాస్ గ్రేంజ్ రెండోది. లివర్‌పూల్ వీధుల్లో దొరికిన అనాథ బాలుడు హీత్‌క్లిఫ్‌ను వుదరింగ్ హైట్స్ యజమాని ఎర్న్‌షా తన ఇంటికి తెచ్చి పెంచుతాడు. ఆ ఇంటి పిల్ల కాథరిన్‌తో హీత్‌క్లిఫ్ మనసు కలుస్తుంది. ఆమె గ్రేంజ్‌కు చెందిన ఎడ్గర్ లింటన్‌ను పెళ్లాడుతుంది. హీత్‌క్లిఫ్ పగ రెండు కుటుంబాలను, ఆ తరవాతి తరాన్ని కూడా చుట్టుకుంటుంది. ఈ కథను అద్దెకు దిగిన లాక్‌వుడ్‌కు పనిమనిషి నెల్లీ డీన్ చెబుతుంది. 34 అధ్యాయాల్లో దాదాపు సగం రెండో తరం కథే. కాబట్టి దీన్ని తెరకెక్కించే ప్రతివారికీ మొదటి చిక్కు అక్కడే ఎదురవుతుంది. రెండు తరాలనూ చెప్పాలా, కాథరిన్ చావుతో ఆపాలా?

సినిమా ఈ నవలను తొందరగానే అందుకుంది. 1920లో ఎ.వి. బ్రాంబుల్ దర్శకత్వంలో బ్రిటన్‌లో మూకీ చిత్రం వచ్చింది. కొంత భాగాన్ని హావర్త్ పరిసరాల్లోనే తీశారు. దాని ప్రతి కూడా నేడు లేదు. అంటే ఈ నవల మొదటి సినిమా రూపం సైతం పోయినవాటి జాబితాలోనే ఉంది. 1939లో విలియం వైలర్ హాలీవుడ్‌లో తీసిన చిత్రం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. హీత్‌క్లిఫ్‌గా లారెన్స్ ఒలివియే, కాథరిన్‌గా బొంబాయిలో పుట్టిన మెర్ల్ ఓబెరాన్ నటించారు. యార్క్‌షైర్ బీడుభూములను కాలిఫోర్నియా కొండల్లో సృష్టించారు. రెండో తరం కథను పూర్తిగా వదిలేశారు. గ్రెగ్ టోలండ్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ దక్కింది. చాలామందికి నవల కన్నా ముందు ఈ సినిమానే పరిచయం. మన దేశంలో ఎ.ఆర్. కర్దార్ పేరుతో 1966లో వచ్చిన హిందీ చిత్రం ‘దిల్ దియా దర్ద్ లియా’కు కూడా ఈ నవలే ఆధారం. అందులో దిలీప్ కుమార్ సరసన నటించిన వహీదా రెహమాన్ అంతకు పదకొండేళ్ల ముందు తెలుగులో ‘రోజులు మారాయి’తో ప్రేక్షకులకు తెలిసిన నటి.

బీబీసీ టెలివిజన్ 1953 కన్నా ముందే, 1948లో, ఒకసారి ఈ నవలను ప్రత్యక్ష నాటకంగా ప్రసారం చేసింది. అందులో కీరన్ మూర్ హీత్‌క్లిఫ్. అదీ మిగలలేదు.

1953 నాటి బుల్లితెర

బీబీసీ 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకురావడంతో 1939 సెప్టెంబరు 1న ఆపేసింది. 1946 జూన్ 7న మళ్లీ తెరిచింది. బొమ్మ నలుపు తెలుపుల్లో, 405 గీతలతో ఏర్పడేది. పోటీ ఛానెల్ లేదు. వాణిజ్య టెలివిజన్ ఐటీవీ వచ్చింది 1955 సెప్టెంబరులో. అప్పటివరకు టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చూసేది బీబీసీనే.

1953 జూన్ 2న రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగింది. ఆ వేడుకను బ్రిటన్‌లో సుమారు 2 కోట్ల మంది తెర మీద చూశారని అంచనా. సొంత టీవీ లేనివారు ఇరుగుపొరుగు ఇళ్లలో గుమిగూడి చూశారు. ఆ ఏడాది టీవీ లైసెన్సులు 20 లక్షలు దాటాయి. అప్పటివరకు రేడియో పక్కన చిన్న తమ్ముడిలా ఒదిగి ఉన్న టెలివిజన్‌కు ఒక్కసారిగా దేశమంతటి ప్రేక్షకులు దొరికారు. ‘వుదరింగ్ హైట్స్’ ప్రసారం ఆ తరవాత ఆరు నెలలకు జరిగింది.

వారం మొత్తంలో నాటకానికి పెద్ద పీట ఆదివారం రాత్రి. రంగస్థల నాటకాలు, ప్రసిద్ధ నవలలు ఆ వేళకు వచ్చేవి. గురువారం అదే నటవర్గం మళ్లీ స్టూడియోకు వచ్చి, అదే నాటకాన్ని మొదటి నుంచి చివరిదాకా రెండోసారి ఆడటం ఆనవాయితీ. ‘పునఃప్రసారం’ అంటే ఆనాడు పునఃప్రదర్శన అనే అర్థం.

రచయిత, దర్శకుడు

నైజెల్ నీల్ 1922లో ఇంగ్లండ్‌లోని బారో-ఇన్-ఫర్నెస్‌లో పుట్టి, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో పెరిగాడు. మొదట కథకుడు. ‘టొమాటో కేన్’ కథా సంపుటికి 1950లో సోమర్‌సెట్ మామ్ పురస్కారం వచ్చింది. తరవాత బీబీసీలో జీతం మీద పనిచేసే తొలి టెలివిజన్ రచయితల్లో ఒకడయ్యాడు.

రుడాల్ఫ్ కార్టియర్ 1904లో వియన్నాలో పుట్టాడు. రంగస్థల దిగ్గజం మాక్స్ రైన్‌హార్ట్ దగ్గర చదువుకున్నాడు. బెర్లిన్‌లో సినిమాలకు స్క్రిప్టులు రాశాడు. యూదుడు కావడంతో నాజీలు అధికారంలోకి రాగానే జర్మనీ వదిలి బయటపడ్డాడు. 1952లో బీబీసీ నాటక విభాగాధిపతి మైకేల్ బ్యారీ అతన్ని ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు, మీ నాటకాలు బాగోలేవని, కొత్త స్క్రిప్టులూ కొత్త పద్ధతీ కావాలని మొహం మీదే చెప్పాడు. బ్యారీ అతన్నే ఉద్యోగంలోకి తీసుకున్నాడు.

కార్టియర్ దృష్టిలో బీబీసీ నాటకం చిన్న గదికి అలవాటు పడిపోయింది. ఇద్దరు మనుషులు, ఒక సోఫా, దగ్గరి షాట్లు, అదే దాని లోకం. అతను తెరను విశాలం చేయాలనుకున్నాడు. పెద్ద సెట్లు, గుంపు దృశ్యాలు, ముందుగా బయట చిత్రించిన ఫిల్ము ముక్కలు వాడాడు. 1952లో అతని తొలి బీబీసీ నాటకం ‘యారో టు ద హార్ట్’కు నీల్ అదనపు సంభాషణలు రాశాడు. ఇద్దరి జంట అక్కడ కుదిరింది.

ఆ జంటకు పేరు తెచ్చింది 1953 జూలై, ఆగస్టు నెలల్లో ఆరు వారాలు ప్రసారమైన ‘ద క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’. అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన వ్యోమగామి ఒళ్లు క్రమంగా వేరే జీవిగా మారిపోయే ఆ ధారావాహిక బ్రిటన్ ప్రేక్షకులను భయపెట్టి కట్టిపడేసింది. అది ముగిసిన కొద్ది నెలలకే ఇద్దరి చేతికీ బ్రాంటీ నవల వచ్చింది.

నటుడి కోరిక, వారం గడువు

‘వుదరింగ్ హైట్స్’ ఏదో సుదీర్ఘ ప్రణాళిక ప్రకారం పుట్టలేదు. నీల్ తరవాత చెప్పిన ప్రకారం, నటుడు రిచర్డ్ టాడ్ స్వయంగా బీబీసీకి వచ్చి, తనకు హీత్‌క్లిఫ్ పాత్ర వేయాలని ఉందన్నాడు. టాడ్ అప్పటికే పెద్ద సినిమా తార. 1944 జూన్ 6న నార్మండీలో దిగిన బ్రిటిష్ పారాట్రూపర్లలో ఒకడు. 1949 నాటి ‘ద హేస్టీ హార్ట్’లో నటనకు ఆస్కార్ నామినేషన్ పొందాడు. సినిమా పరిశ్రమ టెలివిజన్‌ను అనుమానంగా చూసే ఆ రోజుల్లో అలాంటి తార తనంతట తాను తలుపు తట్టడం అరుదు. నాటక విభాగం ఆ అవకాశాన్ని వదులుకోలేదు. స్క్రిప్టు రాయమని నీల్‌కు కబురు పెట్టింది. గడువు ఒక్క వారం.

ఆ తొందరలో కుదిరిన ఎంపిక అయినా రచయితకు నప్పినదే. నవల మూడో అధ్యాయంలో, మంచు కురిసే రాత్రి లాక్‌వుడ్ కలలో కిటికీ అవతల ఒక పిల్ల చెయ్యి అతని చేతిని పట్టుకుంటుంది. ఆ పిల్ల ఇంట్లోకి రానివ్వమని ప్రాధేయపడుతుంది. పాత ఇళ్లను అంటిపెట్టుకున్న దయ్యాలు, గతం వర్తమానంలోకి చొరబడటం నీల్ రచనల్లో ఆ తరవాత కూడా పదేపదే కనిపించే విషయాలు. కాథరిన్‌గా ఎంపికైన ఇవోన్ మిచెల్ రంగస్థలం మీద, తెర మీద పేరున్న నటి. దాదాపు ఏడాదికి కార్టియర్, నీల్‌ల మరో ప్రసిద్ధ నాటకంలో ఆమెదే కథానాయిక పాత్ర.

ప్రత్యక్ష నాటకం నడిచే తీరు

ప్రత్యక్ష నాటకం సినిమాలా ముక్కలు ముక్కలుగా తయారయ్యేది కాదు. నటులు స్టూడియోకు దూరంగా, తరచు చర్చి హాళ్లలో, నేల మీద టేపుతో గదుల కొలతలు గీసుకుని రిహార్సల్ చేసేవారు. ప్రసారానికి కాస్త ముందు మాత్రమే అసలు సెట్లు, కెమెరాలు చూసేవారు. స్టూడియోలో సెట్లన్నీ పక్కపక్కనే ఉండేవి. ఒక గదిలో దృశ్యం నడుస్తుండగా కెమెరాలు కొన్ని చప్పుడు చేయకుండా తరవాతి గదికి జరిగేవి. పైన కంట్రోలు గదిలో కూర్చున్నవారు ఏ కెమెరా బొమ్మ ప్రసారంలోకి వెళ్లాలో అప్పటికప్పుడు నిర్ణయించేవారు. బీబీసీలో ఆ రోజుల్లో ‘నిర్మాత’ అన్నా దర్శకుడన్నా ఒకరే.

నటుల కష్టం వేరు. ఒక దృశ్యంలో చిన్నవాడిగా కనిపించినవాడు తరవాతి దృశ్యంలో సంవత్సరాలు గడిచిన మనిషిగా కనిపించాలి. మధ్యలో దుస్తులు మార్చుకుని, స్టూడియో అవతలి కొసకు పరుగెత్తి, ఆయాసం తెలియకుండా మాట అందుకోవాలి. ఆ వ్యవధి ఇవ్వడం కోసం రచయితలు దృశ్యం చివర వేరే పాత్రకు నాలుగు మాటలు ఎక్కువ రాసేవారు. లేదా ముందే చిత్రించిన ఫిల్ము ముక్కను మధ్యలో నడిపేవారు. మాట మరిచిపోతే అందించడానికి స్క్రిప్టు పట్టుకుని ఒకరు ఉండేవారు. వారి చేతిలో ఒక మీట ఉండేది. దాన్ని నొక్కితే స్టూడియో శబ్దం క్షణంపాటు ప్రసారంలోకి వెళ్లకుండా ఆగేది. ఆ క్షణంలో మాట అందించి మీట వదిలేసేవారు. ఇంట్లో ప్రేక్షకుడికి అది నటుడి మౌనంలాగే అనిపించేది.

ఎంత ప్రమాదం జరిగినా ఆపి మళ్లీ మొదలుపెట్టే వీలు లేదు. 1958 నవంబరులో ఐటీవీలో ‘అండర్‌గ్రౌండ్’ అనే ప్రత్యక్ష నాటకం నడుస్తుండగా గారెత్ జోన్స్ అనే నటుడు గుండెపోటుతో చనిపోయాడు. మిగతావారు అతని మాటలను పంచుకుని నాటకం పూర్తిచేశారు.

‘వుదరింగ్ హైట్స్’ లాంటి నవలకు ఈ పద్ధతిలో అనుకూలతా ఉంది, ఇబ్బందీ ఉంది. కథ ప్రధానంగా రెండు ఇళ్లలో జరుగుతుంది. సెట్లు తక్కువ చాలు, పాత్రలు కొద్దిమందే. పొయ్యి దగ్గర మాటలు, కిటికీ దగ్గర ఎదురుచూపులు చిన్న తెరకు చక్కగా ఒదుగుతాయి. ఇబ్బంది బీడుభూమితోనే. ‘వుదరింగ్’ అంటేనే యార్క్‌షైర్ మాండలికంలో గాలి హోరు. ఆ గాలీ ఆ బీడూ లేకపోతే కథ సగం ప్రాణం పోతుంది. చిత్రించిన తెరలు, గాలి పుట్టించే యంత్రాలు, ఫిల్ము ముక్కలు, ఈ మూడే ఆనాటి స్టూడియోకు దిక్కు. వైలర్ తెరకెక్కించిన కొండలూ మబ్బులూ ఇక్కడ ప్రేక్షకుడు ఎక్కువగా నటుల గొంతులో నుంచే ఊహించుకోవాలి.

ఎందుకు రికార్డు చేయలేదు?

1953 నాటికి టెలివిజన్ బొమ్మను దాచే సాధనం లేకపోలేదు. దాని పేరు టెలీరికార్డింగ్. మంచి నాణ్యత గల టీవీ తెర ముందు ఫిల్ము కెమెరా పెట్టి, తెర మీది బొమ్మను చిత్రించడమే దాని పద్ధతి. బీబీసీ 1947 నుంచే దీన్ని వాడుతోంది. పట్టాభిషేకం రోజున ఇలా చిత్రించిన ఫిల్మును బ్రిటిష్ వాయుసేన క్యాన్‌బెరా జెట్ విమానాల్లో అదే రోజు కెనడాకు చేర్చారు. మరి ఆరు నెలల తరవాతి నాటకానికి ఆ భాగ్యం ఎందుకు దక్కలేదు? కారణాలు మూడు.

మొదటిది నాణ్యత. టీవీ బొమ్మ సెకనుకు 25 సార్లు ఏర్పడుతుంది. ప్రతి బొమ్మా రెండు విడతల్లో, ముందు బేసి గీతలు తరవాత సరి గీతలుగా పడుతుంది. రెండు విడతల మధ్య ఖాళీ సెకనులో వెయ్యో వంతుల్లోనే. ఫిల్ము కెమెరా ఆ కొద్ది వ్యవధిలో ఫిల్మును తరవాతి ఫ్రేముకు లాగలేదు. దాంతో ఒక పద్ధతిలో ఒక విడత గీతలను వదిలేసి, సగం వివరంతోనే సరిపెట్టుకునేవారు. ‘క్వాటర్‌మాస్’ ధారావాహిక మొదటి రెండు భాగాలను కెనడా ప్రసార సంస్థ కోసమని ఇలాగే చిత్రించారు. ఫలితం నచ్చక మిగతా నాలుగు భాగాల చిత్రణ మానేశారు. రెండో భాగంలో ఒకచోట రికార్డింగు తెర మీద వాలిన పురుగు ఈనాటికీ పాకుతూ కనిపిస్తుంది. ఆరింటిలో ఆ రెండే నేడు మిగిలాయి.

రెండోది నటుల సంఘం అభ్యంతరం. గురువారం మళ్లీ ఆడితే నటులకు మళ్లీ పారితోషికం. ఫిల్ము చూపిస్తే అది ఉండదు. రికార్డింగులు పెరిగితే తమ పని తగ్గిపోతుందని నటుల సంఘం ఈక్విటీ భయపడింది. అందువల్ల రికార్డు చేసిన నాటకాన్ని మళ్లీ చూపడానికి గట్టి షరతులు ఉండేవి. చూపే వీల్లేని ఫిల్ముకు డబ్బు పోయడం వృథా అనిపించింది.

మూడోది అన్నింటికీ మూలం. బీబీసీ నాటక విభాగం తన పనిని రంగస్థలానికి పొడిగింపుగా చూసింది. రంగస్థల నాటకం ప్రదర్శనతో ముగుస్తుంది. మళ్లీ కావాలంటే మళ్లీ ఆడాలి. స్క్రిప్టు దాచుకుంటే చాలు, ప్రదర్శనను దాచడం ఎందుకన్నది ఆనాటి సహజమైన ఆలోచన. ట్రొలోప్ నవల ఆధారంగా 1951లో ఆరు భాగాలుగా ప్రసారమైన ‘ద వార్డెన్’ కూడా మిగలకపోవడానికి ఈ వాతావరణమే కారణం.

అట్లాంటిక్ అవతల

ఇదే నవల అమెరికాలో వేరే దారి పట్టింది. సీబీఎస్ సంస్థ ‘స్టూడియో వన్’ శీర్షిక కింద 1950లో ‘వుదరింగ్ హైట్స్’ను ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. హీత్‌క్లిఫ్ చార్ల్‌టన్ హెస్టన్. అదీ స్టూడియోలో ఒక్క ఊపులో ఆడిన నాటకమే. అయినా నేడు చూడటానికి దొరుకుతుంది.

తేడా కళాభిరుచిలో లేదు, దూరంలో ఉంది. న్యూయార్క్‌ను పశ్చిమ తీరంతో కలిపే టెలివిజన్ అనుసంధాన మార్గం 1951 సెప్టెంబరు దాకా లేదు. న్యూయార్క్‌లో ఆడిన నాటకం లాస్ ఏంజెలెస్‌లో కనిపించాలంటే ఫిల్ముకెక్కించి పంపాల్సిందే. అక్కడ దాన్ని కినెస్కోప్ అన్నారు. ప్రకటనదారులకు కూడా తమ డబ్బు ఏమైందో చూపడానికి ప్రతి కావాలి. ఇలా వ్యాపార అవసరం కోసం తీసిన ప్రతులే తరవాత చరిత్రకు ఆస్తి అయ్యాయి. బ్రిటన్ చిన్న దేశం, ఒకే కాలమానం, ఒకే ఛానెల్. అక్కడ ఆ అవసరమే రాలేదు.

1958లో సీబీఎస్ రిచర్డ్ బర్టన్, రోజ్‌మేరీ హ్యారిస్‌లతో మరో ‘వుదరింగ్ హైట్స్’ ఇచ్చింది. అది దశాబ్దాలపాటు పోయిందనే అందరూ అనుకున్నారు. 2019లో దాని కినెస్కోప్ బయటపడింది. రికార్డు చేసినది పోయినా తిరిగి రావచ్చని చెప్పడానికి అది మంచి ఉదాహరణ.

పన్నెండు నెలల తేడా

1953 నాటకం తరవాత దాదాపు ఏడాదికి, 1954 డిసెంబరు 12 ఆదివారం, కార్టియర్, నీల్‌లు జార్జ్ ఆర్వెల్ నవల ‘నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్’ను ప్రసారం చేశారు. పీటర్ కుషింగ్ కథానాయకుడు, ఇవోన్ మిచెల్ కథానాయిక. చిత్రహింసల దృశ్యాలపై గగ్గోలు పుట్టి పార్లమెంటు దాకా పోయింది. గురువారం, డిసెంబరు 16న, రెండోసారి ఆడారు. ఆ రెండో ప్రదర్శనను ఫిల్ముకెక్కించారు. అదే ఈనాటికీ మిగిలిన ప్రతి. ఆదివారం నాటి మొదటి ప్రదర్శన మాత్రం ‘వుదరింగ్ హైట్స్’ లాగే గాలిలో కలిసింది.

రచయిత అతనే, దర్శకుడు అతనే, నటీ ఆమే, పద్ధతీ అదే. ఏడాది తేడాలో ఒకటి లేకుండా పోయింది, ఒకటి నిలిచింది. ఇందులో నాటకాల మంచిచెడ్డల ప్రమేయం లేదు.

రెండో జన్మ

1962 మే నెలలో కార్టియర్ బీబీసీలో ‘వుదరింగ్ హైట్స్’ను మళ్లీ తీశాడు. వాడింది నీల్ 1953లో రాసిన స్క్రిప్టునే. ఈసారి కాథరిన్ క్లెయిర్ బ్లూమ్, హీత్‌క్లిఫ్ కీత్ మిచెల్, ఎడ్గర్ లింటన్ డేవిడ్ మెక్‌కాలమ్. ఈ ప్రసారం రికార్డింగు మిగిలింది. 1953 నాటకం ఎలా ఉండేదో ఊహించడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం లేదు.

అయితే దాన్ని ఆధారంగా వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. మధ్య తొమ్మిదేళ్లలో టెలివిజన్ చాలా మారింది. 1956లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది. 1958లో బీబీసీ సొంతంగా చేసిన ‘వెరా’ అనే యంత్రాన్ని ప్రదర్శించింది, కానీ చివరికి ఆంపెక్స్ పద్ధతికే మొగ్గింది. కెమెరాలు, దీపాలు, నటనా శైలి అన్నీ మెరుగయ్యాయి. 1962 నాటి రూపం నీల్ మాటలను మనకు ఇస్తుంది. టాడ్ గొంతు, ఇవోన్ మిచెల్ చూపు ఇవ్వలేదు.

టేపు వచ్చాక కూడా

వీడియో టేపు రాకతో నష్టాలు ఆగాయనుకోవడం పొరపాటు. టేపు ఖరీదైనది, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఒకటి రెండుసార్లు ప్రసారమయ్యాక పాత కార్యక్రమాన్ని చెరిపి కొత్తది ఎక్కించడం 1960లు, 70లలో మామూలు పని. రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాలకు గిరాకీ పడిపోయి చెరిపివేత పెరిగింది. 1978లో బీబీసీ ఫిల్మ్, వీడియో టేపు గ్రంథాలయాన్ని ఏర్పాటు చేశాకే ఆ ధోరణికి కళ్లెం పడింది.

ఈ రకం నష్టాల్లో కొన్ని తిరిగొచ్చాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1993 నుంచి ‘మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్’ పేరుతో పోయిన కార్యక్రమాల వేట సాగిస్తోంది. 2010లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 60కి పైగా బ్రిటిష్ నాటకాల ప్రతులు బయటపడ్డాయి. ఒకప్పుడు అమెరికాలో ప్రసారానికి పంపినవి అక్కడే నిలిచిపోయాయి.

రికార్డు కాని నాటకాలకు మిగిలేవి కాగితాలు. స్క్రిప్టు, తారాగణం పట్టిక, ‘రేడియో టైమ్స్’ పత్రికలో ప్రకటన, నిశ్చల ఛాయాచిత్రాలు, పత్రికా సమీక్షలు, బీబీసీ ప్రేక్షక పరిశోధన విభాగం నివేదికలు. ఇలాంటి పత్రాలకు రెడింగ్ దగ్గర క్యావర్‌షమ్‌లో బీబీసీ లిఖిత పత్ర భాండాగారం ఉంది. 1947 నుంచి జాన్ క్యూరా అనే ఛాయాగ్రాహకుడు టీవీ తెర మీది బొమ్మలను వరసగా ఫోటోలు తీసి, ‘టెలీస్నాప్స్’ పేరుతో బీబీసీకి, నటులకు అమ్మేవాడు. తమ నటన తాము చూసుకునే దారి వేరే లేదు కాబట్టి నటులు కొనుక్కునేవారు. ఇప్పుడవి ఎన్నో పోయిన కార్యక్రమాలకు ఏకైక దృశ్యసాక్ష్యం.

మిగిలినవే చరిత్ర అవుతాయి

నీల్, కార్టియర్‌ల పేర్లు ఈనాడు వినిపించేది ఎక్కువగా వైజ్ఞానిక కల్పన సందర్భంలో. 1955, 1958–59లలో వచ్చిన తరవాతి రెండు ‘క్వాటర్‌మాస్’ ధారావాహికలు పూర్తిగా, మొదటిదానిలో రెండు భాగాలు, ఆర్వెల్ నాటకం రెండో ప్రదర్శన మిగిలాయి. కాబట్టి ఆ ఇద్దరూ భయం, భవిష్యత్తు రాసిన జంటగా గుర్తుండిపోయారు. కార్టియర్ బీబీసీకి 120కి పైగా నిర్మాణాలు ఇచ్చాడు. వాటిలో రంగస్థల నాటకాలు, ఒపేరాలు, ప్రసిద్ధ నవలలు ఎన్నో ఉన్నాయి. తొలి ఏళ్లవి చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలే.

1953లో టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడికి కార్టియర్ అంటే జూలైలో అంతరిక్ష రాక్షసి, డిసెంబరులో యార్క్‌షైర్ బీడు, రెండూ. నేటి ప్రేక్షకుడికి మొదటిదే కనిపిస్తుంది. తొలినాళ్ల టెలివిజన్‌ను మిగిలిన రీళ్లను బట్టి తూచితే తప్పు తూకమే వస్తుంది. ఆ కాలానికి సరైన ప్రమాణం ప్రసార పట్టికలు. వాటిలో 1953 డిసెంబరు 6 ఆదివారం కింద ‘వుదరింగ్ హైట్స్’ ఇప్పటికీ నమోదై ఉంది.